స్టీరింగ్ బరువెక్కిందా? రిపేరుకు ముందు అడగాల్సిన ప్రశ్నలు

భోకర్ తాలూకాలో బడి తెరిచే రోజులు, తొలకరి వానలు దాదాపు ఒకేసారి వస్తాయి. నల్లరేగడి చేలలోని మట్టి ట్రాక్టర్ల వెంట రోడ్డెక్కుతుంది. రెండు నెలలు కదలకుండా ఉన్న బడి వ్యాన్లు మళ్లీ ఊళ్ల బాట పడతాయి. ఆ రోజుల్లో డ్రైవర్ల నోట ఒక మాట తరచూ వినిపిస్తుంది: "స్టీరింగ్ జడ్ లాగ్తయ్." మన ఇళ్లలో "స్టీరింగ్ బరువొస్తుంది" అంటాం, "గట్టిగయింది" అంటాం.

ఈ మాట విన్నప్పుడు మనలో చాలామంది చేసేది రెండే పనులు. సర్దుకుని నడిపించుకోవడం ఒకటి. షెడ్డుకు తీసుకెళ్లి "చూడు భాయ్" అని బండి అప్పగించి, చెప్పినంత డబ్బు కట్టి రావడం రెండోది. మొదటిది పిల్లలకు ప్రమాదం. రోడ్డు మీదికి ఎద్దు అడ్డం వచ్చినా, ఎదురుగా బైకు దూసుకొచ్చినా చక్రం వెంటనే తిరగాలి. అక్కడ ఒక్క క్షణం ఆలస్యం కూడా ఎక్కువే. రెండోది జేబుకు భారం. స్టీరింగ్ పంపు, రాక్, ఎలక్ట్రిక్ మోటార్ అన్నీ వేలల్లో ఉండే సామాన్లు. అసలు లోపం టైరు గాలిలో ఉంటే ఆ డబ్బంతా వృథా.

ఈ రెండింటి నడుమ మూడో దారి ఉంది. షెడ్డుకు పోయే ముందు మనమే కొన్ని ప్రశ్నలు వేసుకుని, జవాబులు రాసుకోవడం. దీనికి మెకానిక్ చదువు అక్కర్లేదు. సొంత కారున్న తల్లిదండ్రులైనా, వ్యాను మాట్లాడుకున్న బడి అయినా చేయగలిగిన పనే.

బరువు ఒక లక్షణం మాత్రమే

జ్వరం వచ్చిందని డాక్టరు దగ్గరికి పోతే మందు రాసే ముందు ఎప్పటి నుంచి, చలి ఉందా, రాత్రి పూటనా పగటి పూటనా అని అడుగుతారు. స్టీరింగ్ బరువు కూడా అలాంటిదే. అది ఏ ఒక్క సామాను పేరూ కాదు. టైరు, బెల్టు, ఆయిల్, బ్యాటరీ, చక్రం దగ్గరి జాయింట్లు, వీటిలో ఏది చెడినా బయటికి కనిపించేది ఆ బరువే.

మన సరిహద్దు ఊళ్లలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న నాందేడ్ జిల్లా ఆ ఏడు బొంబాయి రాష్ట్రంలో, 1960లో మహారాష్ట్రలో భాగమైంది. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, షెడ్డులో హిందీ, ఉర్దూ కలిసిన మాట. ఇంట్లో "మొదట్లో గట్టిగుండి, రెండు కిలోమీటర్లు పోయాక సాఫ్ అవుతుంది" అని చక్కగా చెప్పే మనిషి, షెడ్డులో నిలబడేసరికి "భారీ హై" అని ఊరుకుంటాడు. మెకానిక్‌కు కావాల్సింది మొదటి వాక్యమే. రెండో మాట మాత్రమే వింటే ఆయన కూడా అంచనాతోనే పని మొదలుపెట్టాల్సి వస్తుంది.

పవర్ స్టీరింగ్ చేసే పని

పవర్ స్టీరింగ్ లేని బండిలో చక్రాలు తిప్పే బలమంతా మన చేతులదే. ఒకప్పుడు బడి పిల్లలను ఎక్కువగా మోసిన ఓమ్ని వ్యానుకు ఈ వసతి లేదు. బండి తేలిక కాబట్టి నడిచిపోయింది. పవర్ స్టీరింగ్ ఉన్న బండిలో మన చేతి బలానికి ఇంకో బలం తోడవుతుంది. అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజినీరు 1920లలో ఆయిల్ ఒత్తిడితో దీన్ని పనిచేయించి చూపారు. అమ్మకానికి వచ్చిన ప్రయాణికుల కారులో ఇది మొదటిసారి 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌లో కనిపించింది. ఎలక్ట్రిక్ మోటార్‌తో సాయం చేసే పద్ధతి 1988లో జపాన్‌లో సుజుకీ సెర్వో అనే చిన్న కారుతో మొదలైంది.

మన ముందున్న బండిలో ఈ రెండింటిలో ఏది ఉందో తెలుసుకోవడమే మొదటి మెట్టు. బానెట్ ఎత్తి చూస్తే, స్టీరింగ్ బొమ్మ ఉన్న మూతతో చిన్న ఆయిల్ డబ్బా కనిపిస్తే అది సాధారణంగా హైడ్రాలిక్. బొలెరో వంటి బండ్లలో ఇది చూస్తాం. ఆ డబ్బా లేకుండా, తాళం తిప్పగానే మీటర్ల దగ్గర స్టీరింగ్ గుర్తు వెలిగి, ఇంజిన్ స్టార్ట్ కాగానే ఆరిపోతే అది ఎలక్ట్రిక్. స్విఫ్ట్, వ్యాగన్-ఆర్ వంటి కార్లలో ఉండేది ఇదే.

పైసా ఖర్చు లేని పరీక్షలు

మొదటిది టైరు గాలి. ముందు టైర్లలో గాలి తగ్గితే రబ్బరు నేలకు ఎక్కువగా అతుక్కుంటుంది, చక్రం తిప్పడం కష్టమవుతుంది. ఎంత గాలి ఉండాలో చాలా బండ్లలో డ్రైవరు తలుపు చట్రం మీద అతికించిన చీటీలో ఉంటుంది. బండి నడవక ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. వేసవి సెలవుల్లో నిలబడిన వ్యానుకు జూన్‌లో స్టీరింగ్ బరువైతే మొట్టమొదట చూడాల్సింది ఇక్కడే. ఈ మధ్య కంపెనీ సైజు కంటే వెడల్పు టైర్లు వేయించి ఉంటే అది కూడా కారణం కావచ్చు.

రెండోది ఇంజిన్ పరీక్ష. సమతలం మీద బండి ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచాలి. లోపల పిల్లలెవరూ ఉండకూడదు. తాళం తిప్పి స్టీరింగ్ లాకు తీసి, ఇంజిన్ ఆపి ఉండగానే చక్రాన్ని ఒక పక్కకు మెల్లగా ఒత్తి పట్టుకోవాలి. అలాగే పట్టుకుని ఇంజిన్ స్టార్ట్ చేయాలి. చేతి కింద చక్రం ఒక్కసారిగా తేలికై కొంచెం కదిలితే పవర్ సాయం అందుతోందని అర్థం. అప్పుడు అనుమానం టైర్ల మీదికి, జాయింట్ల మీదికి పోవాలి. ఏ తేడా లేకపోతే సాయమే రావడం లేదు. అప్పుడు హైడ్రాలిక్ బండిలో బెల్టు, ఆయిల్, పంపు, ఎలక్ట్రిక్ బండిలో బ్యాటరీ, ఫ్యూజు, వైర్లు చూడాలి.

ఈ ఒక్క పరీక్షతోనే కారణాల జాబితా దాదాపు సగానికి తగ్గుతుంది. కదులుతున్న బండిలో మాత్రం ఎవరూ తాళం తిప్పి ఇంజిన్ ఆపకూడదు.

ఎప్పుడు బరువొస్తుంది?

డ్రైవరన్నను అడగాల్సిన అసలు ప్రశ్న ఇది. జవాబును బట్టి దారి మారుతుంది.

నిలబడినప్పుడు, మెల్లగా తిప్పేటప్పుడు మాత్రమే బరువుండి, వేగం పెరిగాక సర్దుకుంటే: టైరు గాలి, వదులైన బెల్టు, తగ్గిన ఆయిల్, బలహీనపడిన పంపు. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పంపు కూడా నెమ్మదిగానే తిరుగుతుంది కాబట్టి లోపం అప్పుడే బయటపడుతుంది.

పొద్దున తొలి నిమిషాల్లో బరువుండి, తర్వాత తగ్గితే: పాతబడి చిక్కబడిన ఆయిల్, లేదా రాక్ లోపలి సీళ్ల అరుగుదల.

వేడెక్కిన కొద్దీ బరువు పెరిగితే: హైడ్రాలిక్ అయితే అరిగిన పంపు మీద అనుమానం. ఎలక్ట్రిక్ అయితే మోటార్ వేడెక్కి తనను తాను కాపాడుకుంటూ ఉండవచ్చు.

నీళ్లలోంచి పోయాకే వస్తే: తడిసి జారుతున్న బెల్టు. ఎలక్ట్రిక్ బండిలో తడి చేరిన కనెక్టర్.

ఒక పక్కకే బరువుంటే: హైడ్రాలిక్ రాక్‌లోని వాల్వు లేదా సీలు, ఎలక్ట్రిక్ బండిలో చేతి బలాన్ని కొలిచే సెన్సర్.

ఒక చుట్టులో గట్టిగా, వదులుగా, మళ్లీ గట్టిగా అనిపిస్తే: స్టీరింగ్ కడ్డీ మధ్యలో ఉండే క్రాస్ జాయింట్ తుప్పు పట్టి బిగుసుకుంది.

మలుపు తిరిగాక చక్రం తనంతట తాను నడిమికి రాకపోతే: బాల్ జాయింట్లు, సస్పెన్షన్ పైభాగంలోని బేరింగ్, క్రాస్ జాయింట్, లేదా అలైన్‌మెంట్.

ఈ జవాబుల విలువ మేము దగ్గరగా చూశాం. మా పిల్లలు ఎక్కే ఒక పాత వ్యానుకు వానాకాలంలో స్టీరింగ్ బరువెక్కింది. ఒక షెడ్డులో రాక్ మొత్తం మార్చాలన్నారు. ఖర్చు ఎలా పంచుకోవాలా అని తల్లిదండ్రులు మాట్లాడుకుంటుండగానే, డ్రైవరు వారం రోజులు తన డైరీలో రాసుకున్నది చూపించాడు. వాన పడిన రోజుల్లోనే వస్తుంది, పూర్తిగా తిప్పినప్పుడు కీచుమంటుంది, అరగంట నడిచాక పోతుంది. ఆ మూడు వాక్యాలు విన్న ఇంకో మెకానిక్ ముందు బెల్టు పట్టుకుని చూశాడు. అది అద్దంలా నున్నగా అరిగి, వదులై ఉంది. బెల్టు మార్చి, బిగువు సరిచేస్తే బరువు పోయింది. రాక్ జోలికి పోనక్కరలేదు.

హైడ్రాలిక్ బండి అయితే

ఇంజిన్ ఆపి, సమతలం మీద ఆయిల్ డబ్బా చూడాలి. కనిష్ఠం, గరిష్ఠం గీతల నడుమ ఆయిల్ ఉండాలి. కొన్నిటిలో చల్లగా ఉన్నప్పటికి, వేడిగా ఉన్నప్పటికి వేరు వేరు గీతలుంటాయి. ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఈ ఆయిల్ ఇంజిన్‌లో పెట్రోలులా కాలిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. కారే చోటు వెతకకుండా పోస్తూ పోతే జబ్బు అలాగే ఉంటుంది. రాత్రి బండి నిలిపే చోట కింద అట్ట పరిచి పొద్దున చూస్తే మరక ఎక్కడ పడిందో తెలుస్తుంది.

ఆయిల్ నల్లబడి మాడిన వాసన వస్తే పాతబడింది. నురుగు కనిపిస్తే లోపలికి గాలి చేరింది. తిప్పేటప్పుడు గుయ్‌మని మూలిగితే ఆయిల్ తగ్గడమో, గాలి చేరడమో, పంపు అరగడమో అయి ఉంటుంది. కీచుమంటే ముందు బెల్టును అనుమానించాలి. కొన్ని బండ్లలో ఇదే బెల్టు బ్యాటరీ చార్జింగును, నీళ్ల పంపును కూడా తిప్పుతుంది. స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కి, దానితోపాటే బ్యాటరీ లైటు వెలిగితే బెల్టు తెగి ఉండవచ్చు. వెంటనే పక్కకు ఆపాలి.

రెండు జాగ్రత్తలు. బండి పుస్తకంలో చెప్పిన ఆయిల్ తప్ప వేరేది పోయకూడదు. బ్రేకు ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి, చిన్న రిపేరు పెద్దదవుతుంది. ఇంజిన్ నడుస్తుండగా కారే పైపును చేత్తో తడమకూడదు. కారు టైరులో గాలి 30 పౌండ్ల చుట్టూ ఉంటే, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ఈ పైపులో ఒత్తిడి వెయ్యి పౌండ్లు దాటగలదు. అందుకే చక్రాన్ని చివరిదాకా తిప్పి అలాగే బిగబట్టి ఉంచడం కూడా మంచిది కాదు. ఐదు సెకన్లు మించనీయకండి.

ఎలక్ట్రిక్ బండి అయితే

ఇక్కడ ఆయిల్ లేదు, మోటార్‌కు కరెంటు కావాలి. నిలబడి తిప్పేటప్పుడు అది పదుల ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ బలహీనమైతే లైట్లు వెలుగుతూనే ఉన్నా స్టీరింగ్‌కు చాలకపోవచ్చు. ఇంజిన్ ఆపి కొంతసేపు ఉంచాక బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుండగా సుమారు 13.5 నుంచి 14.5 వోల్టులు చూపాలి. బ్యాటరీ కొనల మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడి ఉంటే శుభ్రం చేయించి బిగించాలి. తర్వాత ఫ్యూజు, కనెక్టర్లు.

స్టీరింగ్ గుర్తు లైటు ఆరకుండా వెలుగుతుంటే యంత్రమే తన లోపాన్ని కోడ్ రూపంలో దాచుకుని ఉంటుంది. స్కానర్ పెట్టించి ఆ కోడ్ చదివించాకే సామాను మాట ఎత్తాలి. ఈమధ్యే బ్యాటరీ తీసి పెట్టి ఉంటే, కొన్ని కార్లలో చక్రాన్ని ఒకసారి రెండు చివరలకూ తిప్పాక ఆ లైటు ఆరిపోతుంది. ఇరుకు సందులో పదేపదే ముందుకూ వెనక్కూ తిప్పాక బరువెక్కి, కాసేపు ఆగాక మామూలైతే అది వేడి వల్ల వచ్చిందే, మోటార్ చెడినట్టు కాదు. ఊరికే పదేపదే వస్తుంటే మాత్రం చూపించాలి.

జాకీ మీద తేలే నిజం

పై పరీక్షలతో తేలకపోతే మెకానిక్‌ను ఒక్కటి అడగండి: ముందు చక్రాలు రెండూ నేలనుంచి ఎత్తి, స్టాండ్ల మీద నిలిపి, ఇంజిన్ ఆపి స్టీరింగ్ తిప్పి చూడమనండి. సులువుగా తిరిగితే జాయింట్లు, రాక్ కదలిక బాగున్నట్టే. లోపం పవర్ సాయంలోనో, టైర్లలోనో ఉంది. గాల్లో కూడా గట్టిగానే ఉంటే ఏదో ఒకటి బిగుసుకుంది. అప్పుడు టై రాడ్ కొసలు విప్పి, చక్రం పక్కదా, రాక్ పక్కదా అని విడదీసి చూడొచ్చు. ఈ పని గట్టి నేల మీదే జరగాలి. వానకు నానిన రేగడిలో జాకీ కుంగిపోతుంది.

ఈ పరీక్ష చేయకుండానే "రాక్ మార్చాలి" అంటే, ఎలా తేలిందని అడిగే హక్కు మనకుంది. మార్చిన పాత సామాను చూపమని అడగడం కూడా తప్పు కాదు.

షెడ్డులో చెప్పాల్సిన మాటలు

తెలుగులో రాసుకున్న జవాబును షెడ్డుకు చేర్చడానికి ఈ మాటలు సరిపోతాయి. మొదట మరాఠీ, తర్వాత హిందీ.

- స్టీరింగ్ బరువొస్తోంది: స్టీరింగ్ జడ్ లాగ్తయ్, స్టీరింగ్ భారీ చల్ రహా హై
- ఎడమకు తిప్పితేనే: ఫక్త్ డావీకడే వళవల్యావర్, సిర్ఫ్ బాయీ తరఫ్ ఘుమానే పర్
- కుడికి తిప్పితేనే: ఫక్త్ ఉజవీకడే వళవల్యావర్, సిర్ఫ్ దాయీ తరఫ్ ఘుమానే పర్
- బండి నిలబడి ఉన్నప్పుడు: గాడీ ఉభీ అస్తానా, జబ్ గాడీ ఖడీ హో
- వేడెక్కాక: గరమ్ ఝాల్యావర్, గరమ్ హోనే కే బాద్
- వానలో: పావసాత్, బారిష్ మే
- శబ్దం వస్తోంది: ఆవాజ్ యేతోయ్, ఆవాజ్ ఆ రహీ హై
- ఆయిల్ కారుతోంది: ఆయిల్ గళ్తయ్, ఆయిల్ టపక్ రహా హై
- తిప్పాక తిరిగి రావడం లేదు: స్టీరింగ్ పరత్ యేత్ నాహీ, స్టీరింగ్ వాపస్ నహీ ఆ రహా
- పాత సామాను చూపించండి: జునా పార్ట్ దాఖవా, పురానా పార్ట్ దిఖాయియే

బడి చేయగలిగినది

మహారాష్ట్రలో బడి బస్సులకు 2011లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం ప్రతి బడిలో ప్రధానోపాధ్యాయుల అధ్యక్షతన రవాణా సమితి ఉండాలి. అందులో తల్లిదండ్రుల ప్రతినిధికీ చోటుంది. ఆ సమావేశాల్లో ఛార్జీల మాటే ఎక్కువగా నడవడం మనకు తెలిసిందే. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉందిగా అని ఊరుకోవద్దు. అది పరీక్ష జరిగిన నాటి స్థితిని చెప్తుంది. ఈ సోమవారం బెల్టు ఎలా ఉందో చెప్పదు.

సమితి చేయాల్సింది చిన్న పనే. ప్రతి వ్యానులో ఒక నోటుబుక్కు పెట్టించాలి. వారానికోసారి టైరు గాలి, ఆయిల్ గీత లేదా స్టీరింగ్ లైటు, ఇంజిన్ పరీక్ష ఫలితం రాయాలి. తేడా కనిపిస్తే ఏ పక్కకు, ఎప్పుడు, ఏ శబ్దంతో అని రాయాలి. బరువు చెప్పిన డ్రైవరును "నడిపించుకో అన్నా, చూద్దాం" అని పంపేయకూడదు. స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కినా, మధ్యలో పట్టేసినట్టు ఆగినా, ఆయిల్ ధారగా కారినా, ఆ వ్యానులో ఆ రోజు పిల్లలు ఎక్కకూడదు. వేరే బండి మాట్లాడుకోవాలి.

తరగతి గదిలో ఒక పీరియడ్

ఉపాధ్యాయులకు ఇది మంచి పాఠం కూడా. ఆయిల్ ఒత్తిడి ఎలా పనిచేస్తుందో చెప్పడానికి పాస్కల్ నియమం ఉంది. వెడల్పు, సన్నం సిరంజీలు రెండింటిని నీళ్లు నింపిన ట్యూబుతో కలిపితే, సన్నదాన్ని తేలికగా నొక్కినా వెడల్పుది ఎక్కువ బలంతో లేవడం పిల్లలు చేత్తో పట్టుకుని చూడగలరు. తర్వాత పలక మీద ఒకే వాక్యం రాయండి: స్టీరింగ్ బరువెక్కింది. పిల్లలు ప్రశ్నలు అడగాలి, మీరు జవాబులు చెప్పాలి. అతి తక్కువ ప్రశ్నల్లో కారణం పట్టిన జట్టు గెలిచినట్టు. తెలుగులో అడిగిన ప్రశ్ననే మరాఠీలో, హిందీలో అడగమంటే మూడు భాషల సాధన కూడా అవుతుంది.

ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు మాతృభాషలో బోధించే వసతి కల్పించాలని చెప్పే 350-ఎ అధికరణం 1956లో రాజ్యాంగంలో చేరింది. ఆ చదువు పుస్తకానికే పరిమితం కానక్కరలేదు. ఒక పరీక్ష తర్వాత ఇంకోటి చేసి కారణం పట్టుకునే ఆలోచన ఇంటి భాషలో అలవడితే, పిల్లవాడు దాన్ని ఏ భాషలోనైనా షెడ్డులో చెప్పగలడు, ఆసుపత్రిలోనూ చెప్పగలడు.

ఈ సోమవారం వ్యాను వచ్చినప్పుడు మొదటి ప్రశ్నతో మొదలుపెట్టండి: "అన్నా, ముందు టైర్లలో గాలి ఎప్పుడు చూశావు?"